గృహరుణంలో పార్ట్ పేమెంట్ సదుపాయం: కోనసీమలోని మా ఇంటి అనుభవం

ఇంటి అప్పును గడువు కంటే ముందే కొంచెం కొంచెంగా తీర్చుకునేందుకు బ్యాంకులు ఇచ్చే పార్ట్ పేమెంట్ సదుపాయాన్ని 2023 వేసవి నుంచి మేము క్రమం తప్పకుండా వాడుతున్నాం. దీని గురించి బ్యాంకు కాగితాల్లో ఒకటి రెండు వాక్యాలు మాత్రమే ఉంటాయి. వాడుతూ నేర్చుకున్నది మాత్రం చాలా ఉంది కాబట్టి, మాలాంటి జీతపు కుటుంబాలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మా అప్పు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉంది. ఆ బ్యాంకు పేరూ, శాఖ పేరూ ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే నేను ప్రస్తావించబోయే లోపాలు ఆ ఒక్క కౌంటరుకు చెందినవి కావని, వేరే వేరే బ్యాంకుల్లో అప్పు తీసుకున్న తోటి ఉపాధ్యాయులతో మాట్లాడిన తర్వాత నాకు అర్థమైంది.

అమలాపురానికి దగ్గరలో మామగారు ఇచ్చిన ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ వరి చేలే కావడంతో స్థలాన్ని మెరక చేయించాల్సి వచ్చింది, మెత్తటి ఒండ్రు నేల కాబట్టి పునాదికి పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) వేయించాల్సి వచ్చింది. గోడలు లేవకముందే మేము దాచుకున్న డబ్బంతా నేలలోకి వెళ్లిపోయింది. 2021 మార్చిలో 20 లక్షల రూపాయల రుణం, 20 ఏళ్ల కాలానికి, 6.90 శాతం వడ్డీకి తీసుకున్నాం. నెల వాయిదా 15,386 రూపాయలు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్, అంటే వడ్డీ రేటు మారుతూ ఉండే, గృహరుణాలను బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మా రుణం రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకు, ముడిపడి ఉంది. అప్పటి రెపో రేటు 4 శాతం, దానిపై బ్యాంకు వేసుకున్నది 2.90 శాతం. రెపో పెరిగితే మా వడ్డీ కూడా పెరుగుతుందని సంతకం పెట్టే రోజున ఒక మాట చెప్పారు, మేమూ తల ఊపాం. ఆ పెరుగుదల వాయిదాలో కనిపించదనీ, కాలంలో దాక్కుంటుందనీ మాత్రం ఎవరూ చెప్పలేదు.

2022 మే నెలలో మొదలైన రెపో పెంపు 2023 ఫిబ్రవరి నాటికి 6.50 శాతానికి చేరింది. ఆ పది నెలల్లోనూ మా ఖాతాలోంచి నెలనెలా అదే 15,386 రూపాయలు పోతూ ఉండడంతో మా అప్పుకు ఏ మార్పూ రాలేదనుకున్నాం. ఆదాయపు పన్ను లెక్కల కోసం 2023 మార్చిలో రుణ ఖాతా స్టేట్‌మెంటు తీయించుకున్నాను. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని, నా పదో తరగతి లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో వరుసా పెన్సిలుతో గీసుకుంటూ వచ్చాను. చివరి వరుసలో వడ్డీ 15,056 రూపాయలు అని ఉంది. అంటే మేము కట్టిన 15,386 రూపాయల్లో అసలుకు వెళ్లింది 330 రూపాయలు. రెండేళ్లు కట్టిన తర్వాత కూడా 19 లక్షల 22 వేలు బాకీ ఉంది. లెక్క కట్టి చూస్తే, వడ్డీ అలాగే ఉండి వాయిదా అలాగే ఉంటే అప్పు తీరడానికి ఇంకా 41 ఏళ్లు పడుతుంది. మా వారికి చూపిస్తే ఆయన నమ్మలేదు. ఆయన ఆక్వా మేత దుకాణంలో లెక్కలు రాస్తారు, అంకెల్లో పొరపాటు పడే మనిషి కారు. ఆయనే మళ్లీ మొదటినుంచీ వేసి, రాత్రి పదిన్నరకు పెన్సిలు కింద పెట్టారు.

మర్నాడు బ్యాంకుకు వెళ్తే కౌంటరులోని ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. “టీచరు గారూ, వడ్డీ పెరిగితే కంప్యూటరే కాలం పెంచేస్తుందండి, మేం చేసేదేం లేదండి” అన్నారు. కాలం పెంచుతున్నట్టు ఒక్క ఉత్తరమైనా, ఒక్క సందేశమైనా ఎందుకు రాలేదని అడిగితే సమాధానం లేదు. ఈ సేవలో నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే, అన్నిటికన్నా పెద్దదీ ఇదే. అప్పు తీసుకున్నవారికి తమ అప్పు ఎన్నేళ్లు సాగుతుందో తెలియకుండా జరగకూడదు. ఇలాంటి ఇబ్బందులు దేశమంతటా వచ్చినందువల్లే కాబోలు, 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. రేట్లు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, కాలం పొడిగించుకోవాలా, లేక రెండూ కలిపి చేసుకోవాలా అన్నది రుణగ్రహీతే ఎంచుకునే వీలుండాలనీ, కాలం మధ్యలో ఎప్పుడైనా కొంతగానీ మొత్తంగానీ ముందుగా కట్టనివ్వాలనీ, మూడు నెలలకొకసారి ఇచ్చే స్టేట్‌మెంటులో అప్పటిదాకా కట్టిన అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాల సంఖ్య చూపాలనీ, నెల వాయిదా ఆ నెల వడ్డీకి కూడా చాలని పరిస్థితి రాకూడదనీ అందులో చెప్పింది. పాత రుణాలకు కూడా ఆ ఏడాది చివరికల్లా వీటిని వర్తింపజేయమంది. ఇప్పుడు మాకు మూడు నెలలకొకసారి ఆ స్టేట్‌మెంటు అందుతోంది. ఇది అందరికీ అందవలసినదే కాబట్టి, రాకపోతే అడిగి తీసుకోండి.

మేము ముందుగా చేసిన పని వాయిదాను 18,500 రూపాయలకు పెంచమని రాసివ్వడం. పెంచినది 3,114 రూపాయలు. వడ్డీ ఎలాగూ మొదటి 15,386 రూపాయల్లోంచే తీరిపోతోంది కాబట్టి ఆ పెంచినదంతా అసలుకే వెళ్లి, నెలకు 330 రూపాయలు తరుగుతున్న అసలు 3,444 రూపాయల చొప్పున తరగడం మొదలుపెట్టింది. వాయిదా పెంచింది అయిదో వంతు, అసలు తరిగే వేగం పెరిగింది పది రెట్లు. ఈ లెక్క కళ్లతో చూసిన తర్వాతే పార్ట్ పేమెంట్ మీద నాకు నిజమైన గురి కుదిరింది. వడ్డీ తన వాటా తీసుకున్న తర్వాత కట్టే ప్రతి రూపాయీ అసలును తాకుతుంది. మా అప్పు ఆ స్థితిలో ఉండగా 10,000 రూపాయలు అదనంగా కడితే, వడ్డీ రేటు అలాగే ఉన్న పక్షంలో, చిట్టచివర దాదాపు మూడు వాయిదాలు, అంటే 50 వేలు దాటిన మొత్తం, కట్టనవసరం లేకుండా పోతుంది.

అయితే మొదటి పార్ట్ పేమెంటే వృథా కాబోయింది. 2023 జూన్‌లో, చీటీ పాట డబ్బులోంచి 40,000 రూపాయలు ఫోను యాప్ ద్వారా రుణ ఖాతాకు పంపాం. డబ్బు చేరినట్టు సందేశం వచ్చింది. జూలైలో వాయిదా కోతపడలేదు, ఆగస్టులోనూ పడలేదు. పొదుపు ఖాతాలో డబ్బు నిలిచి ఉందని మొదట సంతోషించాం కూడా. తీరా వెళ్లి అడిగితే, మేము కట్టిన డబ్బును బ్యాంకు రాబోయే నెలల వాయిదాల కింద ముందస్తుగా రాసుకుందనీ, అందువల్లే రెండు నెలలు కోత ఆగిందనీ తేలింది. ఆ రెండు నెలలూ బాకీ మీద వడ్డీ తగ్గిన మాట నిజమే కానీ, కట్టవలసిన వాయిదాలు కట్టకపోవడంతో ఆ లాభం మళ్లీ కరిగిపోయింది. ఆగిన రెండు వాయిదాలనూ మేము స్వయంగా కట్టి, ఒక తెల్లకాగితం మీద రుణ ఖాతా సంఖ్య, కట్టిన తేదీ, మొత్తం వేసి, “ఈ సొమ్మును పూర్తిగా అసలుకు జమ చేసి, నెల వాయిదాను యథాతథంగా ఉంచి, కాలవ్యవధిని తగ్గించవలసిందిగా కోరుతున్నాము” అని రాసి ఇద్దరం సంతకాలు పెట్టి ఇచ్చాం. దాని నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకున్నాం. అప్పటి నుంచి ప్రతిసారీ అదే వాక్యంతో కాగితం ఇస్తున్నాను, పదిహేను రోజుల తర్వాత మిగిలిన వాయిదాల పట్టిక తీయించి సరిచూసుకుంటున్నాను. యాప్‌లో డబ్బు కట్టే చోటే ‘వాయిదా తగ్గించాలా, కాలం తగ్గించాలా’ అని ఒక ప్రశ్న పెడితే ఈ కాగితాల పని అంతా తప్పుతుంది. 2025లో కూడా మా బ్యాంకు యాప్‌లో ఆ ప్రశ్న లేదు.

వాయిదా తగ్గించుకునే దారి కూడా కొందరికి అవసరమే. ఒకరి జీతం మీదే నడిచే ఇంటికీ, పిల్లల ఫీజుల ఒత్తిడిలో ఉన్నవారికీ నెల వాయిదా తగ్గడం ఊరట. కానీ అప్పు త్వరగా తీరాలన్నదే కోరిక అయితే వాయిదాను కదపకూడదు.

ఇక రుసుముల సంగతి. 2012 జూన్ నుంచే బ్యాంకులు ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చినందుకు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. మా దగ్గర ఒక్క రూపాయి కూడా అదనంగా తీసుకోలేదు, కనీసం ఇంత కట్టాలన్న షరతూ పెట్టలేదు. ఒకసారి 1,800 రూపాయలు కట్టినా మారుమాట లేకుండా తీసుకున్నారు. ఈ విషయంలో బ్యాంకును మెచ్చుకోవాలి. వడ్డీ రేటు స్థిరంగా ఉండే రుణాలకు ఈ రక్షణ ఇలాగే వర్తిస్తుందనుకోకూడదు, ఒప్పంద పత్రం చదువుకోవాలి.

మేము అదనంగా కట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. ఏడాదికి దాదాపు లక్ష రూపాయలు అదనంగా కడుతున్నాం. చీటీ కోసం నెలనెలా తీసిపెట్టే నాలుగు వేలను, ఆ చీటీ ముగిశాక, నేరుగా రుణ ఖాతాకే మళ్లించాం. ఇంటి వెనక, దిబ్బ మీద కలిపి ముప్పై కొబ్బరి చెట్లున్నాయి. ఏభై రోజులకోసారి దింపు తీస్తే, దింపు కూలీ పోగా చేతికి రెండు మూడు వేలు మిగులుతుంది. కాయ ధర బాగున్నప్పుడు ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. ఆ డబ్బు వచ్చిన సాయంత్రమే బ్యాంకుకు వెళ్లిపోతుంది. రుణంపై వడ్డీని రోజువారీ బాకీ మీద లెక్కకడతారు కాబట్టి నెలాఖరు దాకా ఆగడంలో ప్రయోజనం లేదు, పైగా ఇంట్లో ఉన్న డబ్బుకు ఏదో ఒక ఖర్చు ఎదురొస్తుంది.

మిగిలినది ఇంటి ఖర్చులో తగ్గించుకున్నది, నెలకు సుమారు మూడు వేలు. అందులో రాగి బాయిలరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అత్తయ్యగారి పెళ్లినాటి బాయిలరు పాకలో మూలన పడి ఉండేది. కుళాయి మొదలు దగ్గర కారుతుంటే మాటు వేయించి, అడుగున తుప్పు పట్టిన ఇనుప జల్లెడ మార్పించడానికి 900 రూపాయలు అయింది. మధ్యలో పొగగొట్టం, చుట్టూ నీళ్లు, కింద మంట. కొబ్బరి డొక్కలు రెండు, ఎండు మట్ట ముక్కలు నాలుగు వేసి, కమ్మతో అంటిస్తే కాసేపటికే నీళ్లు మరుగుతాయి. పైన గరాటులోంచి చెంబెడు చన్నీళ్లు పోస్తే కుళాయిలోంచి చెంబెడు వేడినీళ్లు వస్తాయి. అత్తయ్యగారికి కీళ్లనొప్పుల వల్ల ఏడాది పొడవునా వేడినీళ్లే కావాలి, అందువల్ల మా ఇంట్లో గీజరుకు వేసవి సెలవులు ఉండేవి కావు. దాన్ని ఆపేశాక నెలకు అరవై అయిదు యూనిట్ల దాకా తగ్గాయి. మా వాడకం పడే 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్‌కు 6 రూపాయలు కాబట్టి నెలకు దాదాపు 400 రూపాయలు మిగిలింది. ఒకప్పుడు మా పదిహేను వేల వాయిదాలో అసలుకు వెళ్లిన మొత్తం 330 రూపాయలని గుర్తుచేసుకుంటే, ఈ నాలుగు వందలు ఎంత పెద్ద మొత్తమో నాకు తెలుస్తుంది. వర్షాకాలంలో డొక్కలు తడవకుండా పాకలో పేర్చుకోవాలి, ఉదయం పొగ కొంచెం భరించాలి, ఆ కష్టం ఉంది. పొగ పడనివారికి దీన్ని నేను సిఫారసు చేయను.

బియ్యం ప్యాకెట్లు కొనడం మానేసి, సార్వా మాసూళ్ల సమయంలో బంధువుల చేలోంచి ఏడాదికి సరిపడా ధాన్యం కొని, అవసరమైనప్పుడు మిల్లులో ఆడించుకుంటున్నాం. కారు కొనే ఆలోచన పక్కన పెట్టాం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మా గోదావరి వాళ్లదే. వరద నీటికి ఎదురీదుతూ వచ్చే ఆ చేపను మూడు శ్రావణాలుగా మేము కొనలేదు, ఇది మాత్రం మా వారికి నిజంగా కష్టమైంది. సంక్రాంతికి వచ్చే ఆడపడుచు కుటుంబానికి పెట్టే భోజనంలో, బట్టల్లో ఏమీ తగ్గించలేదు. పిల్లల పుస్తకాల్లోనూ, అత్తయ్యగారి మందుల్లోనూ తగ్గించలేదు. అప్పు తీర్చే తొందరలో ఇంటికొచ్చిన మనిషి ముందు కంచం చిన్నబోవడం నాకు ఇష్టం లేదు.

ఈ సదుపాయంలో ఒక ప్రమాదం ఉంది. రుణ ఖాతాలోకి వెళ్లిన డబ్బు సాధారణ గృహరుణంలో మళ్లీ చేతికి రాదు. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల్లోని మా బంధువులు రోజుల తరబడి నీళ్ల మధ్య ఉన్నారు, ఆ తర్వాత ఇళ్లు బాగుచేసుకోవడానికి అందరికీ ఒక్కసారే డబ్బు కావలసి వచ్చింది. డెల్టాలో ఇల్లు ఉన్నవారు ఆ సంగతి మరిచిపోకూడదు. అందుకే ఆరు వాయిదాలకు సరిపడే లక్షా పదకొండు వేల రూపాయలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో విడిగా ఉంచి, ఆ పైన మిగిలినదే అప్పుకు కడుతున్నాం. డిపాజిట్‌పై వచ్చే వడ్డీ రుణ వడ్డీకన్నా తక్కువే అయినా ఆ తేడాను నేను నష్టంగా చూడడం లేదు. కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి గృహరుణాలు ఉన్నాయి. వాటిలో అదనంగా వేసిన డబ్బుకు వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. వడ్డీ రేటు కొంచెం ఎక్కువగా ఉండవచ్చు. ఆదాయం ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వచ్చే వ్యాపారులకు, చెరువులు చేసేవారికి అదే మేలని నా అభిప్రాయం. తీసుకున్న డబ్బును మళ్లీ వేసే పట్టుదల ఉంటేనే సుమా.

పన్ను మినహాయింపు కోసం అప్పు ఉంచుకోవాలని స్టాఫ్ రూములో తరచుగా వింటుంటాను. పాత విధానంలో, సొంతంగా ఉండే ఇంటి రుణ వడ్డీపై ఏడాదికి 2 లక్షల వరకూ మినహాయింపు ఉన్న మాట నిజమే. కొత్త విధానంలో ఆ మినహాయింపు లేదు, 2025-26 నుంచి అందులో 12 లక్షల ఆదాయం దాకా పన్ను కట్టనవసరం లేదు. నేను కొత్త విధానానికి మారాను కాబట్టి ఆ కారణం మా ఇంటికి వర్తించదు. వర్తించిన రోజుల్లో కూడా, బ్యాంకుకు లక్షన్నర వడ్డీ కట్టి దానిలో కొంత భాగం పన్నులో మిగుల్చుకోవడం లాభమని నాకెప్పుడూ అనిపించలేదు.

2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో రెపో తగ్గి 5.50 శాతానికి వచ్చింది, మా వడ్డీ 8.40 శాతమైంది. వాయిదా తగ్గించుకుంటారా అని ఈసారి బ్యాంకే సందేశం పంపింది, వద్దని రాసిచ్చాం. ఆ సెప్టెంబరు నాటికి బాకీ 15 లక్షల 10 వేలకు దిగింది. అదే 18,500 రూపాయల వాయిదాలో అప్పటికి దాదాపు 7,900 రూపాయలు అసలుకు వెళ్లసాగాయి. ఆ లెక్కన, ఆ తర్వాత అదనంగా ఒక్క రూపాయి కట్టకపోయినా 2041 మార్చిలో ముగియవలసిన అప్పు 2035 చివరికల్లా ముగుస్తుంది.

సదుపాయానికి ఐదుకు నాలుగు ఇస్తాను, దాన్ని మా బ్యాంకు అమలుచేసిన తీరుకు రెండున్నర. రుసుము లేకపోవడం, ఎంత చిన్న మొత్తమైనా తీసుకోవడం బాగున్నాయి. కాలం పెరిగినప్పుడు చెప్పకపోవడం, అడగకుండానే డబ్బును ముందస్తు వాయిదాల కింద రాసుకోవడం, ప్రతిసారీ కాగితంతో కౌంటరు దగ్గర నిలబడవలసి రావడం బాగాలేవు. అప్పు పూర్తిగా తీర్చిన తర్వాత 30 రోజుల్లోగా ఇంటి పత్రాలు తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. పత్రాలు చేతికొచ్చాక ఈసీ (ఆస్తి మీద నమోదైన తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, తనఖా నమోదు తొలగిందో లేదో కూడా చూసుకోవాలి. మేము ఆ దశకు ఇంకా చేరలేదు. ముద్ర వేయించిన కాగితాల నకళ్లన్నీ అత్తయ్యగారి ట్రంకు పెట్టెలో, స్థలం దస్తావేజు జిరాక్సు పక్కనే తేదీల వారీగా దాచి ఉంచాను. నిన్నటి దింపు తాలూకు కాగితంతో పద్దెనిమిది అయ్యాయి.